కరువులో మునిగిన ఇంజను

ఆ రోజుల్లో మా వైపు జనానికి నడుస్తూ నడుస్తూ ఆగి ఆకాశం కేసి చూడటం ఒక అలవాటు. పెద్దవాళ్ళు మబ్బు కోసం చూసేవాళ్ళు. నేను విమానం కోసం చూసేవాణ్ణి. చివరికి అందరికీ దక్కేది మెడనొప్పే. మబ్బన్నా ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి మొహం చూపించి పోయేది. విమానం మాత్రం బెంగళూరు వైపు పోతూ ఎప్పుడో ఒకటి కనిపించేది, అది కూడా బియ్యపు గింజంత. (ఆ గింజను చూడటానికి నేను శెనక్కాయ చేలో కలుపు తీయడం ఆపి నిలబడితే మా నాయన "ఏమప్పా, దిగి రమ్మని పిలుస్తాండావా?" అనేవాడు.) చినుకు కోసం మొహం వాచిపోయిన ఆ నేల మీద పుట్టి, ఇంజను నూనెలో మునిగిపోవడం వల్ల చెడిపోయినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను. మీకు నవ్వొస్తే నవ్వండి. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

మాది రాప్తాడు నుంచి నాలుగు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చే పల్లె. అరవైలలో నేను అనంతపురంలో బియ్యస్సీ చదువుతుండేవాణ్ణి. మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే సారు ఒకాయన గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. ఎర్రదుమ్ము తప్ప ఇంకేమీ ఎగరని మా వైపు ఎప్పుడూ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటే వేసేవాడు. బొమ్మ విమానాలు చేసి ఎగరేయడం ఆయనకు పిచ్చి. అందుకే మేము ఆయన్ని విమానం సారు అనేవాళ్ళం. ఆయన నడిపే క్లబ్బులో బొటనవేలంత ఇంజన్లు రెండే ఉండేవి. దసరా సెలవుల ముందు ఆయన మమ్మల్ని పిలిచి, బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీవాళ్ళు పని నేర్పడానికి కుర్రాళ్ళను తీసుకుంటున్నారనీ, తాను ఒక్కరి పేరు మాత్రం రాసి పంపగలననీ చెప్పాడు. ఆ ఒక్కరు ఎవరో తేల్చడానికి ఒక ఇంజను నాకూ, ఒకటి మా క్లాసులోనే చదివే వకీలుగారి అబ్బాయికీ ఇచ్చాడు. "సెలవులయ్యాక నా ముందు స్టార్ట్ చేయండోయ్. మూడు తిప్పులు. నాలుగో తిప్పు లేదు. ఎవరు తక్కువ తిప్పుల్లో లేపితే వాళ్ళ పేరు రాస్తాను. నూనె గొట్టం సరిగ్గా పెట్టుకోవడం రానివాడు విమానాల ఫ్యాక్టరీకి పోయి ఏం చేస్తాడు?" అన్నాడు.

వకీలుగారి అబ్బాయికి అది సరదా. నాకు ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారం. ఎందుకంటే ఆ యేడు కూడా మా శెనక్కాయ చేను ఊడలు దిగకముందే ఎండిపోయింది. సెలవులకు ఇంటికి పోయిన రోజే మా నాయన నా మొహం చూడకుండా, ఎద్దు మెడ నిమురుతూ, "చదువు చాలించుకోని రావల్లప్పా. ఈ మూడు నెల్లు యెట్నో ఈడ్చినా. ఇంగ నా చేత గాదు," అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. బెంగళూరువాళ్ళయితే ఉండటానికి గదిచ్చి, తిండిపెట్టి పని నేర్పుతారు. కాబట్టి నా బతుకంతా ఆ బొటనవేలంత ఇంజను మీద, ఆ ఇంజనంతా దానికి నూనె తెచ్చే జానెడు గొట్టం మీద ఆధారపడి ఉంది.

ఆ ఇంజను సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఒక పీటకు బిగించి, ముందున్న చెక్కరెక్కను వేలితో గట్టిగా తిప్పితే లోపల నూనె ఆవిరి నలిగి వేడెక్కి అంటుకుంటుంది. అంటుకుంటే 'టర్ర్' మని లేస్తుంది. అంటుకోకపోతే రెక్క వెనక్కి తిరిగి వేలు మీద కొడుతుంది. (నా చూపుడువేలు మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అడిగినవాళ్ళకు బావి ఇంజను దెబ్బలని చెప్తుంటాను, కాస్త గౌరవంగా ఉంటుందని.) దానికి తాపే నూనెలో మూడు భాగాలు. ఒకటి ఆసుపత్రి వాసన కొట్టే ఈథరు, అది సారు సీసాలో పోసి ఇచ్చాడు. రెండోది కిరసనాయిలు. మూడోది ఆముదం.

ఆముదం మా అవ్వ దగ్గర ఉంది. మా నాయన తల్లి. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి పైకి తేలిన నూనెను తేర్చి ఆమె కాచే ఆముదం కోసం, ఊళ్ళో పసిబిడ్డ పుట్టినా బండి ఇరుసు కిర్రుమన్నా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను గిన్నె పట్టుకుని నిలబడితే ఎందుకని అడిగింది. ఇంజనుకని చెప్పాను. "పసిపిల్లోళ్ళకు తాపేది చూసినా, ఎద్దుకు తాపేది చూసినా. ఇంజనుకు తాపేది ఈ పొద్దే చూస్తాండా. దానికి బేదులైతే నన్ననొద్దు," అంది. ఇచ్చింది కానీ, రోజూ పొద్దున్నే వచ్చి ఇంజను కింద నేల తడిగా ఉందేమోనని చూసి పోయేది.

మొదటి తప్పు నాదే. నూనె పోసిన గాజుబుడ్డిని నేల మీద పెట్టి, ఇంజనున్న పీటను అరుగు మీద పెట్టి, రెంటికీ మధ్య సైకిలు వాల్వు ట్యూబు తగిలించాను. బుడ్డి కింద, ఇంజను పైన, మూరెడు గొట్టం. ఆ బుల్లి ఇంజను అంత దూరం నుంచి నూనె ఏం పీల్చుకుంటుంది? పైగా కిరసనాయిలు తగిలిన వాల్వు ట్యూబు పొద్దుటికి ఉబ్బి, సాయంత్రానికి జిగటగా మారి, మర్నాటికి ముట్టుకుంటే ఊడివచ్చేది. మూడు ట్యూబులు పాడయ్యాక, లావుపాటి కరెంటు వైరు ముక్కలోంచి రాగితీగ లాగేస్తే మిగిలే ప్లాస్టిక్ గొట్టం పెట్టాను. లోపల నూనె పోవడం అందులోంచి కనిపించేది. పోవడం కాదులెండి, పోకపోవడం కనిపించేది. బెత్తెడు ఎక్కి, మధ్యలో ఒక గాలిబుడగ దగ్గర ఆగి, మళ్ళీ బుడ్డిలోకి జారిపోయేది. ఐదు రోజులు నేను చేసిన పని ఆ బుడగను చూడటమే. వానల్లేక పనుల్లేక ఊళ్ళో అందరికీ బోలెడంత తీరిక కాబట్టి, నన్ను చూడటం వాళ్ళ పని అయింది. పొద్దున్నే మా అరుగు ముందు చేరి, "అన్నా, ఈ పొద్దన్నా లేస్తాదా మీవోని విమానం?" అని మా నాయనను పలకరించేవాళ్ళు.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. నీళ్ళు పారించడంలో ఆయన మొనగాడు. నేలకు చెంప ఆనించి ఒక కన్ను మూసి చూసి, ఈ గనిమ గట్టు నుంచి ఆ గనిమ గట్టుకు జానెడు వాలుందని చెప్తే, కొలిచినా అంతే ఉండేది. చెరువు నిండిన యేళ్ళలో చివరి మడి దాకా నీళ్ళు చేర్చాలంటే ఊరంతా ఆయన్నే పిలిచేది. అలాంటి మనిషికి రెండేళ్ళుగా పని లేదు. చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. మా బావి అడుగున రాయి తేలింది. ఎద్దులతో బావినీళ్ళు తోడే కపిల తోలుసంచి ఎండి బిగుసుకుపోయి కొట్టం గోడకు వేలాడుతోంది. పారించడానికి చెంబెడు నీళ్ళు లేని ఆ మనిషి కళ్ళ ముందు నేను ఒక బుడ్డి, ఒక గొట్టం, పారాల్సిన నూనె పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఐదు రోజులు ఎలా ఊరుకున్నాడో అదే గొప్ప.

ఆరో రోజు వచ్చి గొంతుక్కూర్చుని అడిగాడు.

"నూనె యాడుండాది?"

"బుడ్డిలో నాయనా."

"యాడికి పోవల్ల?"

"ఇంజన్లోకి."

"చెరువును పల్లంలో పెట్టి, మడిని మిట్టన పెడితివి. ఎట్ల పారుతాది రా? ఇంత సదువు సదివి ఇదన్నా తెలీదా?"

నాకు నిజంగానే జ్ఞానోదయమైనట్టు అనిపించింది. ఆయన అదే రోజు రాప్తాడు పోయి, మాట్లు వేసే సాయిబు దగ్గర కూర్చుని, పాత రేకుతో అగ్గిపెట్టెంత డబ్బా చేయించుకు వచ్చాడు. దానికి మూతికొక చిల్లు, అడుగున ఒక సన్న గొట్టం. (సాయిబు "ఇది యే బిమారీకి మందు పోసేందుకు భాయ్?" అని అడిగాడట. మా నాయన "విమానానికి" అని చెప్పి ఆయన మొహం చూసి వచ్చాడు. ఆ రోజంతా ఆ మాట చెప్పుకుని నవ్వాడు.) డబ్బాను ఇంజను వెనకే పీట మీద పెట్టి, దాని కింద ఎత్తు కోసం మా అవ్వ వక్కాకు డబ్బా పెట్టాడు. అడ్డపెట్టిన వేలు తీసీ తీయగానే నూనె గొట్టంలో గలగలా దిగింది. ఒక్క బుడగ లేదు. మా నాయన కళ్ళు మెరిశాయి. రెండేళ్ళ తర్వాత ఆయన చేతి కింద ఏదో ఒకటి పారింది.

పారింది, పారింది, ఇంజను నిండిపోయేదాకా పారింది. ఆ ఇంజనుకు కావలసింది నూనె ఆవిరి. దాని కడుపులోకి నూనే వచ్చి పడితే రెక్క తిరగను కూడా తిరగదు, రాయిలా బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే కక్కుతుంది, వేలు విరగ్గొడుతుంది. తలకిందులు చేసి, నూనె వంచేసి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ పెడితే మళ్ళీ మునిగేది. ఆ యేడు మా జిల్లాలో మునిగిపోయిన వస్తువేదైనా ఉందంటే అది నా ఇంజనొక్కటే. నల్లటి ఆముదం పీట మీదుగా కారుతుంటే మా అవ్వ "చెప్తిని గదరా" అని వెళ్ళిపోయేది. అరుగు ముందు జనం, "లేసేదేమప్పా, పొద్దన్నుంచీ కక్కుకుంటాండాది," అనుకునేవాళ్ళు. మా నాయన మాత్రం వదిలిపెట్టలేదు. నూనె చాలడం లేదేమోనని వక్కాకు డబ్బా మీద ఒక పెంకు ముక్క కూడా పెట్టి ఇంకాస్త ఎత్తు చేశాడు.

నాలుగు రోజులు ఇలా గడిచాయి. సీసాలో ఈథరు అడుగంటుతోంది, వేళ్ళకు పసుపు గుడ్డలు చుట్టుకున్నాను, బెంగళూరు కళ్ళ ముందే ఆవిరైపోతోంది. ఆ రోజు మధ్యాహ్నం రెక్క ఒక్కటిచ్చిన దెబ్బకు వేలు చీలింది. మా నాయన "ఇంగొంచెం పైకి లేపుదామా?" అన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. అందరూ చూస్తుండగా, "నీకు మడికి నీళ్ళు కట్టేది తప్ప ఇంగేం తెలుసు నాయనా? నా బతుకు ముంచుతాండావు!" అని అరిచాను. మా ఇంట్లో ఆయన ముందు గొంతు లేపినవాడు అప్పటిదాకా లేడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని ఎండిపోయిన చేను వైపు వెళ్ళిపోయాడు. జనం కూడా ఒక్కొక్కరే లేచి పోయారు. నేను పీట ముందు తల పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు మా అవ్వ వచ్చింది. "నాలుగు దినాలాయె, వక్కాకు ల్యాక నోరు చప్పగుండాది. నా డబ్బా ఇయ్యిరా," అంది. ఆమె వంగి తన డబ్బాను ఒక్క లాగు లాగింది. పెంకు ముక్క పక్కకు ఎగిరిపడి, నూనె డబ్బా ఠప్పుమని పీట మీద పడి కూర్చుంది. ఆమె ఆకుకు సున్నం రాసుకుంటూ పోయింది. నేను ఇంజనులో ఉన్న నూనె వంచేసి, కాసేపు ఎండలో పెట్టి, చేయడానికి ఇంకేమీ లేక రెక్కను ఒక్క తిప్పు తిప్పాను. టర్ర్‌ర్ర్ మంది! కోళ్ళు పారిపోయాయి. మా ఎద్దు పలుపు తెంపుకుంది. పీట కాళ్ళొచ్చినట్టు అరుగు మీద జరుగుతుంటే నేను దాన్ని కావలించుకుని, కాలిన ఆముదం వాసన పీలుస్తూ, ఏడుస్తూ నవ్వాను. నూనె డబ్బా ఇప్పుడు ఇంజనులోకి నూనెను కొద్దికొద్దిగా వదిలే సూది ఎంత ఎత్తులో ఉందో సరిగ్గా అంతే ఎత్తులో ఉంది. గొట్టం బెత్తెడే ఉంది. పైనుంచి పడటం లేదు, కిందినుంచి ఎక్కాల్సిన పని లేదు. ఇంజను తనకు కావలసినంత పీల్చుకుంటోంది. ఇంత చిన్న సంగతి!

శబ్దం విని మా నాయన చేనులోంచి పరుగెత్తుకు వచ్చాడు. మధ్యాహ్నం నేనన్న మాట ఆయన ఎత్తలేదు. నేలకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, డబ్బాను, ఇంజనును చాలాసేపు చూశాడు.

"రెండూ ఒగే మట్టాన ఉండాయే."

"అవు నాయనా. అట్లే ఉండల్ల."

"మరి నూనె ఎట్ల పోతాండాది?"

"ఇంజనే పీల్చుకుంటాది."

"పీల్చుకుంటాదంట!" అని లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ఈ పొద్దు పీల్చుకున్నాది, సరే. రేపు పీల్చుకోకపోతే?"

నేను పకపకా నవ్వాను. వెక్కిరించినట్టే నవ్వాను, ఇప్పుడు దాచడమెందుకు. ఆయన చదువు లేనితనం మీద నవ్వాను. మిగిలిన ఆరు రోజులూ ఇంజను ఒక తిప్పుకో, రెండు తిప్పులకో లేచింది. డబ్బాను పురికొసతో పీటకు గట్టిగా కట్టేశాను.

కాలేజీ తెరిచే రోజు నేను లేచేసరికే మా అవ్వ పీటను పాత చీరముక్కలో చుట్టి సిద్ధం చేసింది. మా నాయన దాన్ని నా చేతికివ్వలేదు. రెండు చేతులతో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నాలుగు మైళ్ళూ నడిచి, బస్సెక్కాక నా ఒళ్ళో పెట్టాడు. "బస్సులో అదురుతాదని కొస ఇప్పి, మళ్ళా బిగించి కట్టినా. యాడా కదలదు పో," అన్నాడు. నేను తల ఊపాను. ఆ మాట నా చెవిన పడిందే కానీ బుర్రకెక్కలేదు. నేనప్పటికే బెంగళూరులో ఉన్నాను.

కాలేజీ వెనక వరండాలో పరీక్ష. ముందు వకీలుగారి అబ్బాయి లేపాడు. మొదటి తిప్పు తుస్సు, రెండోది తుస్సు, మూడో తిప్పుకు లేచింది. నాకు లోపల నవ్వొచ్చింది. ఇంట్లో నాది రెండు తిప్పులు దాటింది లేదు. చీరముక్క విప్పి, నూనె పోసి, సూది చూసుకున్నాను. డబ్బా వైపు చూడలేదు. ఆరు రోజులుగా తెలిసిన డబ్బా, చూసేదేముంది? రెక్క మీద వేలు పెట్టబోతుంటే విమానం సారు, "ఆగవోయ్. లేపేముందు చెప్పు, నూనె గొట్టం పెట్టడంలో కిటుకేమిటి?" అన్నాడు.

అదీ నా దురదృష్టం. అడక్కపోయినా బాగుండేది. నేనేమో చెప్పడానికి ఉబలాటపడుతున్నాను. ఇంజనుకు వీపు తిప్పి, సారు వైపు, చూడటానికి చేరిన కుర్రాళ్ళ వైపు తిరిగి, చేతులూపుతూ ఉపన్యాసం మొదలుపెట్టాను. గొట్టం పొట్టిగా ఎందుకుండాలి, బుడగ ఎందుకు రాకూడదు, మూతికి చిల్లు ఎందుకుండాలి. "అన్నిటికన్నా ముఖ్యం, నూనె డబ్బా సూదికి సమానంగా ఉండాలి సార్. కింద ఉంటే ఇంజను మాడుతుంది. పైన ఉంటే, అర అంగుళం పైనున్నా సరే, నిలబడ్డంతసేపూ నూనె దిగి ఇంజను మునిగిపోతుంది సార్!" సారు "శభాష్" అన్నాడు. ఇంకా రెండు ప్రశ్నలడిగాడు. వాటికీ బ్రహ్మాండంగా చెప్పాను. నా వీపు వెనక, నేను చెప్పింది చెప్పినట్టుగా, నూనె దిగుతూనే ఉంది.

మొదటి తిప్పుకు రెక్క రాయిలా బిగుసుకుని ఉంది. ఆ బిగువు నాకు బాగా తెలుసు. రెండో తిప్పుకు వేలు చీలింది. మూడో తిప్పు కళ్ళు మూసుకుని తిప్పాను. ఇంజను ఒక్క కక్కు కక్కింది. మా అవ్వ కాచిన ఆముదమంతా సారు తెల్ల చొక్కా మీద పడింది. ఆయన రుమాలుతో తుడుచుకుంటూ (అది పోయే మరక కాదని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు) "పాఠం బాగా చెప్పావోయ్. ఇంజనుకే అర్థమైనట్టు లేదు," అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు చూశాను. డబ్బా కింద అర అంగుళం మందాన ఒక తుమ్మ చెక్క ఉంది. అంచులు చేతికి గుచ్చుకోకుండా నున్నగా గీకి, పీట రంగులో కలిసిపోయేలా ఆముదం పూసి ఉంది. పురికొసకు వేసిన ముడి నాది కాదు. కపిల మోకుకు మా నాయన వేసే ముడి.

నోరు తెరిచాను. "సార్, ఇది నేను పెట్టింది కాదు" అంటే చాలు. మంచివాడు, ఇంకో అవకాశం ఇచ్చేవాడేమో. కానీ ఎవరు పెట్టారని అడుగుతాడు. మా నాయన అని చెప్పాలి. ఆ కుర్రాళ్ళంతా మళ్ళీ నవ్వుతారు, ఈసారి ఆయన మీద. ఆరు రోజుల ముందు నేను నవ్విన నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. నోరు మూసుకున్నాను. (ఇలా చెప్తే నేనేదో గొప్ప కొడుకునని మీరనుకునే ప్రమాదం ఉంది. ఇంత పల్లెటూరి మనిషి కొడుకునని వాళ్ళకు తెలియడం నాకు సిగ్గుగా కూడా ఉండింది. ప్రేమ ఎంత, సిగ్గు ఎంత అని ఇన్నేళ్ళుగా విడదీసి చూడబోయాను, విడిపోలేదు.) సారు లోపలికి పోయి వకీలుగారి అబ్బాయి పేరు రాశాడు.

అందరూ వెళ్ళాక వరండా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఇంజను తిరిగి ఇచ్చేయాలి కదా అని, చెక్క తీసి జేబులో వేసుకుని, నూనె వంచి, గంటసేపు ఎండలో ఆరబెట్టి, తుడిచాను. డబ్బా అడుగున చుక్క మిగిలి ఉంది. ఊరికే ఒక తిప్పు తిప్పాను. టర్ర్‌ర్ర్ మని లేచింది! ఒక్క తిప్పుకే. వరండాలో నేను, ఒక మేక, గది తాళం వేయడానికి వచ్చిన అటెండరు తప్ప ఎవరూ లేరు. అటెండరు నన్ను ఎగాదిగా చూసి, "ఇంతసేపూ ఏం చేస్తాంటివప్పా?" అన్నాడు. నూనె అయిపోయేదాకా అది పాడుతూనే ఉంది. అయిపోయాక ఇంజను ఊడదీసి ఆయన చేతికిచ్చాను.

బస్సు దిగేసరికి మా నాయన రోడ్డు మీదే కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడట.

"లేసినాదా?"

"లేసినాది నాయనా."

"ఎన్ని తిప్పులకు?"

"ఒగే తిప్పుకు."

అది అబద్ధం కాదు. ఆయన మొహం చూడాలి మీరు. తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. కాస్త దూరం నడిచాక ఇక ఆపుకోలేక, "చెప్తే తిడ్తావని చెప్పలే. డబ్బా కింద సన్న చెక్క పెట్టింటి. పీల్చుకోకపోతే నా కొడుకు గతి యేమని," అన్నాడు.

"చూసినా నాయనా."

"దాంతోనే లేసినాది."

"అవు నాయనా. దాంతోనే."

"మరి బెంగళూరు?"

"వకీలుగారి కొడుకు పేరు రాసినారు."

ఆయన ఆగిపోయాడు. "ఒగే తిప్పుకు లేసినోన్ని ఇడిసిపెట్టి వాని పేరు రాసినారా? పెద్దోళ్ళ కొడుకులకే లే అప్పా అన్నీ," అని మొదలుపెట్టి, మిగిలిన మూడు మైళ్ళూ విమానం సారును ఆయన వంశంతో సహా తిట్టాడు. పాపం, ఆ సారు వీసమెత్తు తప్పు చేయలేదు. ఒక చొక్కా కూడా పోగొట్టుకున్నాడు. అయినా మా ఊళ్ళో ఆయన పేరు చాలా ఏళ్ళు పక్షపాతి కిందే చలామణి అయింది. ఆ పాపం నాదే.

ఆ నెలలోనే చదువు మాని, అనంతపురంలో ఒక మిస్త్రీ దగ్గర బావి ఇంజన్లు బాగు చేసే పనిలో చేరాను. మొదటి రోజు మిస్త్రీ నూనె ట్యాంకు నా చేతికిచ్చి, "పైన బిగించు. పైనుంటేనే నూనె దానంతట అది దిగేది," అన్నాడు. నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోతే, బరువనుకుని ఇంకొకర్ని సాయం పిలిచాడు. మరుసటి యేడు మా పక్క ఊరి బావి మీద ఇంజను బిగిస్తుంటే మా నాయన చూడటానికి వచ్చాడు. నేల మీద ఇంజను, దాని నెత్తిన ట్యాంకు, గొట్టంలో గలగలా దిగే నూనె. ఒక్క తిప్పుకు లేచింది. ఆయన నా పక్కన నిలబడి, ఎవరికీ వినపడకుండా, "ఇప్పుడు నేర్చుకున్నావప్పా," అన్నాడు. నేర్చుకున్నానని ఒప్పుకున్నాను. ఆ తర్వాత బతుకంతా నేను బిగించిన ఇంజన్లన్నిటి దగ్గరా ఆయన మాటే నిజం. ఒక్క బొటనవేలంత ఇంజను దగ్గర మాత్రం తప్పింది. నా బెంగళూరు దాంట్లో ఉండింది.

ఇప్పుడు మా పల్లె మీదుగా రోజూ విమానాలు పోతాయి. ఈ వయసులో మెడ పూర్తిగా లేవదు. అయినా శబ్దం వినపడితే చేతిలో పని ఆపి చూస్తాను, అది గింజంతై మాయమయ్యేదాకా చూస్తాను. దిగి రమ్మని పిలుస్తాండావా అని అడిగే మనిషి లేడు. కాసేపు ఆగి నేనే ఆ మాట పైకి అనుకుని, నవ్వుకుని, మళ్ళీ పనిలో పడతాను.